‘ట్వెల్ఫ్త్ నైట్’ వేస్తున్నారా? ఎవరి చేతి నుంచి ఏం పోయిందో ముందు చూడండి

షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ను మేము మొదటిసారి తెలుగులో వేసినప్పుడు, ప్రేమలో పడ్డ ప్రతివాళ్లూ స్టేజీ మీద ఒకే పని చేశారు. కుడిచెయ్యి గుండె మీద, చూపు ట్యూబ్‌లైట్ మీద, గొంతులో వణుకు. ప్రభువు ఒర్సినో అదే, దొరసాని ఒలీవియా అదే, మగవేషంలో ఉన్న వయోలా అదే, చివరికి ఓడ నడుపుకునే ఆంటోనియో కూడా అదే. ఇంటర్వెల్‌లో మా పెద్దమ్మ టీ గ్లాసు పట్టుకుని వచ్చి "ఏమబ్బా, అందురికీ ఒగే జరమా?" అని అడిగింది. అప్పుడు కోపమొచ్చింది కానీ, రాత్రి ఇంటికెళ్లి పడుకున్నాక నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆమె అన్నది నిజం.

ఈ నాటకంలో నవ్వంతా ప్రేమలు వేరువేరుగా ఉండటంలోనే ఉంది. ఆ తేడా కనపడకపోతే మిగిలేది మగవేషం వేసుకున్న అమ్మాయి కథ, అది మనవాళ్లు సినిమాల్లో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. కాబట్టి కాలేజీ వార్షికోత్సవానికో, వీధిలో కుర్రాళ్లందరూ కలిసి సరదాకో ఈ నాటకం ఎత్తుకునేవాళ్ల కోసం, తిరుపతిలో రెండుసార్లు వేసి అందులో ఒకసారి బోర్లాపడి నేర్చుకున్నది రాస్తున్నాను.

కథ తెలియనివాళ్లకు గబగబా. ఓడ మునిగి వయోలా ఇల్లీరియా అనే దేశం ఒడ్డుకు చేరుతుంది. తన కవల సోదరుడు సెబాస్టియన్ సముద్రంలో పోయాడనుకుంటుంది. బతకడానికి మగవేషం వేసి, సెసారియో అని పేరు పెట్టుకుని, ఆ దేశపు ప్రభువు ఒర్సినో దగ్గర కొలువులో చేరుతుంది, చేరీ చేరగానే ఆయన్ని ప్రేమిస్తుంది. ఒర్సినోకేమో ఒలీవియా అంటే పిచ్చి. ఆమె దగ్గరికి రాయబారానికి సెసారియోను పంపిస్తే ఒలీవియా ఆ వచ్చిన ‘కుర్రాడి’నే ప్రేమిస్తుంది. ఇంతలో చచ్చిపోయాడనుకున్న సెబాస్టియన్ ఊళ్లోకి దిగుతాడు, అతన్నే సెసారియో అనుకుని ఒలీవియా పెళ్లాడేస్తుంది. ఇటు ఒలీవియా ఇంట్లో బాబాయి సర్ టోబీ తాగుడు, ఆయన వెంట తిరిగే డబ్బున్న అమాయకుడు సర్ ఆండ్రూ, పెత్తనం చేసే మేనేజరు మాల్వోలియో, వాడికి బుద్ధి చెప్పాలని ఒలీవియా రాసినట్టు దొంగ ఉత్తరం రాసే పరిచారిక మరియా, పాటలు పాడి డబ్బులడిగే విదూషకుడు ఫెస్టె. అంతే.

నాటకం 1601 ప్రాంతంలో రాసింది. ఆడినట్టు మనకు దొరికిన మొదటి దాఖలా 1602 ఫిబ్రవరి 2న, లండన్‌లో వకీళ్లు ఉండే మిడిల్ టెంపుల్‌లో, అది కూడా అక్కడ చదువుకునే జాన్ మానింగ్‌హామ్ డైరీలో రాసిపెట్టుకోబట్టి తెలిసింది. అచ్చయింది మాత్రం 1623లో. ఆ రోజుల్లో ఆడవేషాలన్నీ కుర్రాళ్లే కట్టేవాళ్లు, అంటే వయోలా వేషం కట్టిన కుర్రాడు, ఆడపిల్లగా ఉండి, మళ్లీ మగపిల్లాడి వేషం వేసేవాడన్నమాట.

ఇది వినగానే బయటి ఊళ్లలో తలలు గోక్కుంటారేమో కానీ తిరుపతిలో ఎవరికీ వివరించక్కర్లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకు, మీసాలున్న మగాడు పట్టుచీర కట్టి పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకోవడం ఏటేటా చూసేదే. అసలు జాతర కథే వేషాల కథ: ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడు భయపడి దాక్కుంటే, గంగమ్మ రోజుకో వేషంలో వాణ్ణి వెతుకుతుంది, చివరికి దొరవేషం కట్టినప్పుడు వాడు నమ్మి బయటికొస్తాడు. దొరవేషంలో ఉన్న ఆడమనిషి అంటే మన ప్రేక్షకులకు నవ్వుతో పాటు కాస్త భయం, గౌరవం కూడా ఉంటాయి. వయోలా పాత్రకు ఈ రెండూ కావాలి. ఆ అమ్మాయికి మీసం అంటించి కామెడీ చేయకండి, ప్యాంటు, చొక్కా, తలకు ఒక తువ్వాలు చాలు.

రిహార్సల్ మొదలుపెట్టే ముందు అడగాల్సింది ఒక్కటే

రెండోసారి వేసేటప్పుడు ఆంటోనియో వేషం కట్టే కుర్రాడు (పగలు గాంధీ రోడ్డులో బట్టల కొట్లో పనిచేస్తాడు, కాబట్టి లెక్కలు తెలిసినోడు) స్క్రిప్టు మొత్తం చదివి "అన్నా, ఈళ్లందురూ ప్రేమ ప్రేమ అంటా ఉండారు, ఎవురి చేతిలోంచి ఏం పోయింది?" అన్నాడు. ఆ ప్రశ్నతోనే మాకు నాటకం తెరుచుకుంది. అప్పటినుంచి ప్రతి పాత్రకు ఒక తెల్లకాగితం ఇచ్చి, ప్రేమ కోసం ఈ మనిషి ఏం ఖర్చు పెట్టాడు, ఏం పోగొట్టుకున్నాడు రాసుకు రమ్మన్నాం. డబ్బే కానక్కర్లేదు, పరువు, ఒట్టు, నిద్ర, ప్రాణం, ఏదైనా సరే. కాగితం ఖాళీగా వస్తే అదీ జవాబే, ఆ ఖాళీతోనే నటించాలి.

ఒర్సినో కాగితం దాదాపు ఖాళీగా వచ్చింది. ఆ కుర్రాడు ఫీలయ్యాడు, "హీరోని కదన్నా" అని. చూడండి మరి. నాటకం ఆయనతోనే మొదలవుతుంది, ప్రేమకు సంగీతమే తిండి అయితే వాయిస్తూనే ఉండండి అంటాడు, నాలుగు ముక్కలు మాట్లాడి ఇక చాలు, ఇందాకటంత తియ్యగా లేదు అంటాడు. ఒలీవియా దగ్గరికి తాను వెళ్లడు, మనుషుల్ని పంపిస్తాడు. నాటకం మొత్తంలో ఒలీవియా, ఒర్సినో ఎదురెదురుగా నిలబడేది ఆఖరి అంకంలోనే, అదీ తిట్టుకోవడానికి. కాబట్టి ఒర్సినోకు మేము పెట్టిన నియమం: మాట్లాడుతున్నంతసేపూ ఎదుటిమనిషి ముఖం చూడకూడదు. దిండుకు ఆనుకుని, తన మాట తనే వింటూ, బాగా కుదిరిందా అన్నట్టు తల ఊపాలి. భాష కూడా ఆయనకు పెద్ద పెద్ద సమాసాలతో రాయండి, జనం నవ్వుతారు. ఎగతాళి మాత్రం వద్దు. ఆయన అబద్ధమాడటం లేదు, ప్రేమలో ఉన్న తనను తాను చూసుకుని మురిసిపోతున్నాడు, ఇరవై ఏళ్ల వయసులో మనలో ఆ పని చేయనివాళ్లెవరు?

మొదటి సంగీతం దగ్గర ఒక హెచ్చరిక. మావాళ్లలో ఒకమ్మాయి అన్నమయ్య శృంగార కీర్తన పెడదాం, తిరుపతి కదా అంది. ఆలోచన బాగానే ఉంది కానీ, ఆ రాగం మొదలవగానే హాల్లో సగంమంది చేతులు జోడిస్తారు, తర్వాత ఒర్సినోను చూసి ఎవరూ నవ్వరు. ఒక్క వేణువు పెట్టుకోండి, మధ్యలో ఆపినా తప్పులేదు.

ఒలీవియా: నువ్వు నుంచి మీరుకు

ఒలీవియా అన్న చనిపోయాడు, ఏడేళ్లు ముసుగు తియ్యను, మగమనిషి ముఖం చూడను అని ఒట్టు పెట్టుకుంది. సెసారియో వచ్చి నాలుగు మాటలు మాట్లాడేసరికి ముసుగు తీసేసింది, ఇంకో పది నిమిషాలకు ఒట్టు పోయింది. తర్వాత ఉంగరం, తర్వాత తన బొమ్మ ఉన్న నగ, తర్వాత సెబాస్టియన్‌ను సెసారియో అనుకుని ముత్యం. ఈమె కాగితం అటూ ఇటూ నిండిపోయింది. ముఖ్యంగా ఆ ఉంగరం చూడండి: సెసారియో వదిలేసి వెళ్లాడు, తిరిగి ఇచ్చెయ్ అని మాల్వోలియోను వెంట పంపిస్తుంది. వదిలెయ్యడమూ లేదు, పాడూ లేదు, అది ఈమెదే. పరువుగల ఇంటి పిల్ల మొదటిసారి అబద్ధమాడింది, ఆ అబద్ధం కూడా సరిగ్గా రాలేదు.

ఇంగ్లీషులో షేక్‌స్పియర్ ఈ సీన్‌లో వాళ్లను మామూలు వచనంలో మొదలుపెట్టి, ఒలీవియా ముసుగు తీశాక పద్యంలోకి తీసుకెళ్తాడు. మనకు తెలుగులో అంతకంటే మంచి ఆయుధం ఉంది. రాయబారానికి వచ్చిన కుర్ర నౌకరును దొరసాని ‘నువ్వు’ అనే అంటుంది కదా, సీన్ నడుస్తుండగా ఆమెకే తెలియకుండా ఒకచోట ‘మీరు’ అని జారాలి. మేము "నీ తల్లిదండ్రులెవరు?" అని అడిగించి, జవాబు విన్నాక "మీరు... మళ్లీ వస్తారా?" అనిపించాం. వెనక బెంచీల నుంచి ఈల వచ్చింది, అదీ ఎవరూ చెప్పకుండా. మామూలుగా ప్రేమ ముదిరితే మీరు పోయి నువ్వు వస్తుంది, ఈమెకు తలకిందులు. ఈ ఒక్క మాట కోసం రెండు రోజులు రిహార్సల్ చేసినా దండగ కాదు.

ఆమె అన్న కోసం ఏడవటాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు, దాని సంగతి తర్వాత చెప్తాను. ఫెస్టె ఆమెను పట్టుకుని మీ అన్న నరకంలో ఉన్నాడంటాడు, కాదు స్వర్గంలో ఉన్నాడని ఆమె అంటుంది, అయితే స్వర్గంలో ఉన్నవాడి కోసం ఏడ్చేది పిచ్చితనం కాదా అంటాడు. ఈ ముక్క చాలామంది కొట్టేస్తారు. ఉంచండి. ఆ మాటకు ఒలీవియా నవ్వకపోతే, మూసిన తలుపు ఎక్కడ సందిచ్చిందో తెలీదు, తర్వాత సెసారియో ఎలా లోపలికొచ్చాడో అర్థం కాదు.

వయోలా, ఇది అన్నిటికంటే కష్టం

వయోలా ప్రేమించిన సంగతి మొదటి అంకంలోనే ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది, నేను వెళ్లి ఎవరిని అడగాలో ఆమెను అడుగుతాను కానీ ఆయన భార్యను కావాలని ఉంది నాకు, అని. అప్పటికి కొలువులో చేరి మూడు రోజులే. ఆ తర్వాత మాట లేదు. ఒర్సినో కోసం ఒలీవియా దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ తన ఇంటికి తనే నిప్పు పెట్టుకుంటున్నట్టు. అయినా పని ఎగ్గొట్టదు, బాగా చేస్తుంది, అక్కడే చిక్కంతా.

నువ్వే అయితే ఏం చేస్తావని ఒలీవియా అడిగినప్పుడు, మీ గుమ్మం ముందు గుడిసె వేసుకుని, రాత్రిళ్లు పాటలు పాడి, కొండలు మారుమోగేలా మీ పేరు పిలుస్తానని చెబుతుంది. మా నటి మొదట దీన్ని డైలాగ్ కొట్టినట్టు కొట్టింది, చప్పట్లొచ్చాయి, సీన్ చచ్చిపోయింది. ఎందుకంటే ఇది ఒలీవియాను పడేయడానికి చెప్పే మాట కాదు. ఒర్సినో మీద తనకున్న ప్రేమ గురించి, నోరు జారి, నిజం చెప్పేస్తోంది. చెబుతూ ఉండగా గొంతు పెరగకూడదు, తగ్గాలి. ఆ నిజానికి ఒలీవియా పడిపోయింది, అంతే తప్ప కుర్రాడి అందానికి కాదు (అందం కూడా ఉందిలెండి).

ఇంకోచోట, ఆడవాళ్లకు మగవాళ్లంత ప్రేమించే శక్తి లేదని ఒర్సినో ఉపన్యాసం ఇస్తాడు. దానికి వయోలా, మా నాన్నకో కూతురు ఉండేది, ఒకాయన్ని ప్రేమించి ఎవరికీ చెప్పుకోలేదు, సమాధి మీద శిల్పంలాగా ఓర్పుగా కూర్చుని తన దుఃఖాన్ని చూసి నవ్వుకునేది, అంటుంది. మీ చెల్లెలు ఆ బెంగతో చనిపోయిందా అని ఆయన అడుగుతాడు. తన గోల ఆపి ఇంకొకరి గురించి ఒక ప్రశ్న అడిగాడు, గమనించారా? ఇక్కడే ఒర్సినో మెడ తిప్పి ఎదుటి మనిషి ముఖం చూడాలి. అంతకుముందు గంటసేపు చూడనివ్వకపోతేనే ఈ చూపుకు విలువ.

ఆయన సెసారియోను ‘ఒరేయ్’ అని పిలిచేటట్టు రాసుకోండి. ఆఖరి అంకంలో అమ్మాయని తెలిశాక కూడా మూలంలో ఒర్సినో అలవాటు కొద్దీ ‘అబ్బాయ్’ అనే పిలుస్తాడు. తెలుగులో "ఒరే..." దగ్గర ఆపించండి. నోరు తెరిచి, ఏమని పిలవాలో తెలియక నిలబడిపోయిన మగాడు, ఆ రెండు సెకన్లలో వాడి ప్రేమ మొదటిసారి నిజంగా కనిపిస్తుంది. వయోలాకు చీర కట్టించి తీసుకురావాలని మావాళ్లు పట్టుబట్టారు, ఒప్పుకోలేదు. మూలంలో ఆమె ఆడబట్టలు ఓడ కెప్టెన్ దగ్గరున్నాయి, ఆ కెప్టెన్‌ను మాల్వోలియో పెట్టిన కేసులో జైల్లో వేశారు, కాబట్టి నాటకం అయిపోయేదాకా ఆమె ప్యాంటులోనే ఉంటుంది.

మాల్వోలియో, ఆండ్రూ, మరియా

మాల్వోలియో వేషానికి అందరూ పోటీపడతారు. దొంగ ఉత్తరంలో రాసినట్టే పసుపుపచ్చ మేజోళ్లు, మోకాళ్ల దగ్గర అడ్డదిడ్డంగా కట్టిన పట్టీలు, పిచ్చినవ్వు. కానీ అసలు సీన్ అంతకుముందే ఉంది. దొంగ ఉత్తరం ఇంకా కంటపడక ముందే ఈ మనిషి తోటలో నడుస్తూ కలగంటాడు: ఒలీవియాను పెళ్లాడి మూడు నెలలైంది, ముఖమల్ కోటు వేసుకున్నాను, నౌకర్లను పిలుస్తున్నాను, టోబీ వంగి దండం పెడుతున్నాడు. ఆ కలలో ఒలీవియా ఏం చేస్తోందో తెలుసా? పక్కగదిలో నిద్రపోతోంది. ప్రేమ కలలో ప్రేమించిన మనిషి నిద్రలో ఉంది, కోటుకు మాత్రం కుట్టుపనితో సహా వర్ణన ఉంది. ఇది ప్రమోషన్ కోసం చూసే ప్రేమ, మన ఆఫీసుల్లో వెతకక్కర్లేకుండా దొరుకుతుంది. నటుడితో నడుస్తూ లేని కోటు గుండీలు సర్దుకోమనండి, చాలు.

మేజోళ్ల రంగు గురించి. తిరుపతిలో పసుపు బట్టలంటే మొక్కుకుని కొండెక్కే భక్తులు గుర్తొస్తారు, కాబట్టి పసుపు పంచె, పసుపు కండువా లాంటివి పెట్టొద్దు, మేము మొదటిసారి పెట్టి నాలుక కరుచుకున్నాం, ఎవరూ నవ్వలేదు సరికదా ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. మోకాళ్లదాకా వచ్చే ఫుట్‌బాల్ సాక్సు, నిగనిగలాడే నిమ్మపండు రంగుది, కిందనుంచి పైదాకా నల్ల రిబ్బన్, పైన నీట్‌గా ఆఫీసు చొక్కా, టై. అప్పుడు పేలింది.

తర్వాత వాణ్ణి పిచ్చోడని చీకటి గదిలో పెడతారు, ఫెస్టె పూజారి గొంతుతో ఆటపట్టిస్తాడు. ఇక్కడ జనాన్ని కొంచెంసేపు నవ్వనిచ్చి, లైటు అలాగే ఉంచి, నవ్వు ఆగిపోయేదాకా సీన్ సాగదీయండి. వాడి ప్రేమ చిన్నదే, శిక్ష మాత్రం పెద్దది. మీ అందరి మీదా పగ తీర్చుకుంటానని వాడు వెళ్లిపోయేటప్పుడు స్టేజీ మీద ఎవరూ నవ్వకూడదు.

సర్ ఆండ్రూ దగ్గర మా ప్రశ్న బెడిసికొట్టింది. చేతి నుంచి ఏం పోయిందంటే, డబ్బులు లెక్కేస్తే నాటకంలో అందరికంటే జాస్తి పోయింది వీడికే! ఏడాదికి 3,000 డకట్ల (ఆ కాలపు బంగారు నాణేలు) ఆదాయం ఉన్నవాణ్ణి, ఒలీవియా నీకే పడుతుందని నమ్మించి టోబీ పిండుకుంటున్నాడు, 2,000 దాకా లాగానని టోబీయే చెప్పుకుంటాడు. మరి వీడిది గొప్ప ప్రేమా? కాదు, వీడికి ఒలీవియా అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలీదు, పక్కనోడు ప్రేమించమంటే ప్రేమిస్తున్నాడు. కాకపోతే మరియా గురించి టోబీ ‘నేనంటే పడి చస్తుంది’ అని గొప్పలు పోతుంటే, వీడు మధ్యలో "నన్నూ ఒకప్పుడు ఒకరు ఇష్టపడ్డార్లే" అంటాడు. ఒక్క వాక్యం, ముందూ వెనకా ఏమీ లేదు, ఎవరో, ఎప్పుడో చెప్పడు. మావాడు ఆ మాటని చెప్పుబకెల్ పెట్టుకుంటూ, తలెత్తకుండా అన్నాడు, హాలు ఒక్కసారి చల్లబడింది.

మరియా, టోబీల సంగతి సింపుల్. ఆమెకు ఆయన కావాలి, ఆయనకు తాగడానికి కంపెనీ కావాలి. ఉత్తరం ఐడియాకు మెచ్చి పెళ్లి చేసుకుంటాడు, అది కూడా స్టేజీ మీద చూపించరు, ఇంకొకడు వచ్చి చెబుతాడు. వీళ్లిద్దరికీ మన చిత్తూరు యాస పెట్టండి, "ఏమ్మే", "యాడికి పోతాండావ్" అంటూ, మిగతా ప్రేమల పక్కన వీళ్లు మాత్రం నిజంగా ఒక ఇంట్లో ఉండే మనుషుల్లా కనపడతారు.

అన్నాచెల్లెళ్ల సీన్‌కు టైం ఇవ్వండి

అనువాదంలో ఇక్కడ ఒక తంటా ఉంది. సెబాస్టియన్, వయోలా ఒకే గంటలో పుట్టారని మాత్రమే నాటకంలో ఉంది, ఎవరు ముందో లేదు. ఇంగ్లీషులో బ్రదర్ అంటే సరిపోయింది, తెలుగులో అన్నా తమ్ముడా తేల్చకుండా ఒక్క వాక్యం నడవదు. మేము అన్న చేసుకున్నాం, ఒలీవియా చనిపోయిన సోదరుణ్ణి కూడా అన్నే చేసుకున్నాం, ఇద్దరు ఆడపిల్లలూ అన్నలు పోయినవాళ్లే అని జనానికి తగలాలని. అందుకే వయోలా ఒలీవియా గురించి మొదటిసారి విన్నప్పుడు, ఆమె దగ్గరే పనికి కుదిరితే బాగుండు అనుకుంటుంది.

కవలలు అచ్చుగుద్దినట్టు ఉండాలని టెన్షన్ పడకండి. వయోలా తన అన్న బట్టల్లాంటివే వేసుకున్నానని చెబుతుంది కాబట్టి ఒకే రంగు చొక్కా, ఒకేలా చుట్టిన తువ్వాలు, నడుం మీద ఎడమచెయ్యి పెట్టే ఒక అలవాటు ఇద్దరికీ నేర్పితే ప్రేక్షకులే మిగతాది నమ్మేస్తారు.

ఆఖరి అంకంలో ఇద్దరూ ఎదురుపడతారు. పరుగెత్తుకెళ్లి కౌగిలించుకోవడం ఉండదు. మా నాన్న కనుబొమ్మ మీద పుట్టుమచ్చ ఉండేది అని ఆమె అంటుంది, మా నాన్నకూ ఉండేది అని అతనంటాడు. వయోలాకు పదమూడేళ్లు నిండిన రోజు ఆయన చనిపోయాడు అంటారు. ఇంకా ముట్టుకోరు. పక్కన మూడు పెళ్లిళ్లు తేలుతున్నా నాటకం వీళ్ల కోసం ఆగి నిలబడుతుంది, ఎందుకంటే మిగతా ప్రేమలన్నీ మూడు రోజులవో మూడు నెలలవో, ఇది పుట్టుకతో వచ్చింది. మన ఊళ్లో దీన్ని అర్థం చేసుకోనివాళ్లుండరు, జాతరకు కొండమీద నుంచి గంగమ్మకు పుట్టింటి సారె వస్తుంటే శ్రీవారు చెల్లెలికి పంపించాడని వీధి వీధంతా నిలబడి చూస్తుంది. మ్యూజిక్ పెట్టొద్దు, ఫ్యాన్ల చప్పుడు వినపడేంత నిశ్శబ్దంగా చేయండి.

ఆంటోనియోను కొట్టేయకండి

పూర్తి నాటకం రెండున్నర గంటలు పడుతుంది, మన జనానికి గంటన్నర చాలు. కత్తిరించేటప్పుడు మొదట పోయేది ఎప్పుడూ ఆంటోనియోనే, మేమూ మొదటిసారి సగం కోసేశాం. కోయాల్సినవి వేరే ఉన్నాయి: ఫెస్టె మాటల గారడీలు తెలుగులో ఎలాగూ నిలవవు, తీసేయండి, ఓడ కెప్టెన్‌నూ పెళ్లి చేసే పూజారినీ ఒకే మనిషితో వేయించండి.

ఆంటోనియో సెబాస్టియన్‌ను సముద్రంలోంచి లాగి బతికించాడు, మూడు నెలలు చూసుకున్నాడు. అతను ఇల్లీరియాకు వెళ్తానంటే, అక్కడ ఒర్సినో మనుషులకు దొరికితే తనకు ప్రమాదమని తెలిసి కూడా (వాళ్ల ఓడలతో ఒకప్పుడు పోట్లాడాడు) వెనకే వస్తాడు. ఊళ్లో ఏదైనా నచ్చితే కొనుక్కో అని తన డబ్బు సంచి ఇచ్చేస్తాడు. తర్వాత సెబాస్టియన్ అనుకుని వయోలాను కాపాడబోయి అరెస్టవుతాడు, సంచి అడిగితే ఆమె మీరెవరో నాకు తెలీదంటుంది. ఇతని కాగితంలో అన్నీ ఉన్నాయి: డబ్బు, స్వేచ్ఛ, పరువు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. ఇది స్నేహమా, అంతకంటే ఎక్కువా అని రిహార్సల్‌లో గంటన్నర వాదించుకున్నారు. ఇతను సెబాస్టియన్‌ను ఆరాధిస్తున్నానని తన నోటితోనే చెప్పుకుంటాడు, నేనైతే అది ప్రేమే అంటాను, పేరు ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం. కానీ నటుడు సిగ్గుపడుతూ చేయకూడదు, నవ్వు తెప్పించడానికి అసలే చేయకూడదు. ఇతనికి అందరికంటే చిన్న వాక్యాలు రాయండి. "పో. నేను సత్రంలో ఉంటా. ఇదుంచుకో." అంతే.

చివర్లో అందరూ జంటలవుతారు, ఆంటోనియోను వదిలేశారో లేదో షేక్‌స్పియర్ చెప్పడు, సెబాస్టియన్ పలకరింపు అయ్యాక ఇతనితో ఇంకెవరూ మాట్లాడరు. డైరెక్టర్‌గా మీరే తేల్చుకోవాలి. మేము ఏం చేశామంటే, ఫెస్టె వాన పాట పాడుతుండగా అందరూ లోపలికి వెళ్లిపోతారు, సెబాస్టియన్ తిరిగొచ్చి సంచి ఆంటోనియో చేతిలో పెట్టి, ఏదో అనబోయి, ఒలీవియా పిలిస్తే వెళ్లిపోతాడు. ఆంటోనియో సంచి విప్పి చూడడు. లైటు ఆరుతుంది.

షో అయ్యాక మేకప్ తుడుచుకుంటుంటే మా పెద్దమ్మ వచ్చింది, ఈసారి టీ గ్లాసు లేదు. ఆంటోనియో కుర్రాడి భుజం మీద చెయ్యేసి, నావైపు తిరిగి "అన్నీ బాగానే ఉండాయి కానీ, ఆ సంచి ఇచ్చినోడు ఎంతసేపు నిలబడల్లబ్బా, ఒక కుర్చీ అన్నా ఎయ్యకూడదా?" అంది. వచ్చేసారి స్టేజీకి ఎడమపక్కన ఒక కుర్చీ వేస్తున్నాం.